మండలి కెటిల్‌తో పులివెందుల దాకా

ఈ ప్రయాణానికి రెండు చీరలు, మాత్రల డబ్బా, ఒక సొట్టపోయిన అల్యూమినియం టీ కెటిల్ తీసుకుని బయల్దేరాను. వచ్చేటప్పటికి చీరలు మూడయ్యాయి, మాత్రలు తగ్గాయి. కెటిల్‌ను మాత్రం అక్కడే ఇచ్చేసి రావాలని వెళ్ళి, ఇవ్వలేక వెనక్కి మోసుకొచ్చాను. కడప జిల్లా వైపు ఎప్పుడూ వెళ్ళని మా తెనాలి వాళ్ళకు అక్కడి ఊళ్ళ గురించి నాలుగు మాటలు చెబుదామని కూర్చుంటే, ఎటు మొదలుపెట్టినా కథ ఆ కెటిల్ దగ్గరికే వస్తోంది. అందుకని దానితోనే మొదలుపెడతాను.

మాకొక సంఘం ఉంది. సంస్థల పరిశోధన మండలి అని పేరు. పేరు విని పెద్ద మేడ, గుమ్మంలో బంట్రోతు ఊహించుకోకండి. కామర్సు, సోషియాలజీ పాఠాలు చెప్పుకునే కొందరు కాలేజీ లెక్చరర్లం, అంతే. నలుగురు మనుషులు కలిసి ఒక సంస్థ ఎలా పెట్టుకుంటారు, ఎలా నడుపుకుంటారు, చివరికి ఎందుకు విడిపోతారు అన్నది మా పరిశోధన. నేతగాళ్ళ సహకార సంఘం కావచ్చు, ఉరుసు కమిటీ కావచ్చు, లారీ ఓనర్ల సంఘం కావచ్చు. ఏడాదికోసారి ఒక ఊరికి వెళ్ళి, ఆ మనుషుల మధ్య కొన్నాళ్ళుండి, చూసింది రాసేవాళ్ళం.

దీన్ని పెట్టింది పులివెందులకు చెందిన మా సారు. అందరం ఆయన్ని సారు అనే పిలిచేవాళ్ళం, ఇక్కడా అలాగే రాస్తాను. ఆయన పెట్టిన నియమాలు విచిత్రంగా ఉండేవి. ఎవరి గురించి రాశామో వాళ్ళ ఎదుటే ఆ వ్యాసం చదవాలి, వాళ్ళు సరే అంటేనే అచ్చు వేయాలి. మాట్లాడబోయేవాళ్ళు ముందుగా సభలో అందరికీ తమ చేత్తో టీ పోయాలి. నేను చేరిన రోజున నా చేతికి కెటిల్ ఇచ్చినప్పుడు, ఆడదాన్ని కదా అని నాకు అప్పగించారనుకుని మండిపడ్డాను. "మీ ఇళ్ళలో పోయించుకోండి" అని ముఖం మీదే అన్నాను. సారు కెటిల్ తీసుకుని అందరికీ ఆయనే పోసి, నాకు చివరగా పోసి, నిలబడి అధ్యక్షోపన్యాసం చేశారు. మర్నాడు నా వంతు వచ్చినప్పుడు మాట్లాడకుండానే కెటిల్ పట్టుకున్నాను. టీ పోసి మాట్లాడితే చేతులు వణకవని అప్పుడే తెలిసింది.

ఇంకో నియమం కూడా ఉంది. దాన్ని మేమెవరం సరిగ్గా చదవకుండానే సంతకాలు పెట్టాం. మండలిని మూసేయాలంటే, మేం రాసిన సంస్థల్లో ఒకటైనా మా ఎదుట కూర్చుని సరే అనాలి. ఊళ్ళో ఉన్న సంస్థలన్నీ ఎందుకు మూతపడతాయో రాసిన పండితులం, మా సంగతి వచ్చేసరికి అవి అప్పటికి బతికి ఉంటాయా అని ఒక్కరం ఆలోచించలేదు. తన దాకా వస్తే గానీ తెలియదంటారు, అలా అయింది మా పని.

సారు పోయి కొన్నేళ్ళయింది. మరికొందరు కూడా పోయారు. మిగిలినవాళ్ళు ఫోనులో "మూసేద్దాం కామేశ్వరీ, ఇంకెవరున్నారు?" అన్నారు. కార్యదర్శిని నేనే, మండలికి మిగిలిన ఒకే ఒక్క ఆస్తి కెటిల్ కూడా నా దగ్గరే ఉంది. నాకు మూసేయడం ఇష్టం లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కానీ ఇష్టం లేదని ఒక్కదాన్నే సంఘంగా ఉండలేను కదా. పని పూర్తిచేసి, కెటిల్‌ను ఆ సరే అన్నవాళ్ళకే ఇచ్చేసి వద్దామని రైలెక్కాను. మేం రాసినవాటిలో ఇంకా బతికి ఉండొచ్చు అనిపించినవి కడప జిల్లాలోని మూడే.

ఎర్రగుంట్ల

స్టేషన్లో దిగగానే సిమెంటు లారీల దుమ్ము పలకరించింది. సంచీలో పట్టక కెటిల్‌ను చేత్తోనే పట్టుకున్నాను. బెంచీ మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటుంటే, ఎదురుగా ఉన్న పెద్దమనిషి పది రూపాయల నోటు చాచాడు.

"ఒక టీ ఇయ్యి మ్మా, చక్కెర తక్కువ."

"నేను టీ అమ్మేదానిలా కనిపిస్తున్నానా?" అన్నాను.

ఆయన నన్నూ, కెటిల్‌నూ మార్చి మార్చి చూశాడు. "కనపడ్తాండావు. టీ లేకుంటే లేదని చెప్పు, కోపమెందుకు?" అని పోయాడు.

మా వైపు అయితే "క్షమించండమ్మా" అని ఒక మాట అతికించేవారు. ఇక్కడ మాటకు అతుకులుండవు. మొదటిసారి వచ్చినప్పుడు అందరూ నాతో పోట్లాడుతున్నారనుకుని బెదిరిపోయాను. అది మామూలు మాటేనని తెలియడానికి ఆ ప్రయాణమంతా పట్టింది. తెలిశాక మా తెనాలి మర్యాదలే నాకు చప్పగా అనిపించాయి.

ప్రొద్దుటూరు

బస్టాండులో ఖాదర్ వలీ గారు ఎదురుచూస్తున్నారు. ఈయన ఇక్కడి కాలేజీలో కామర్సు చెప్పి రిటైరయ్యారు. మండలిలో నాకంటే ముందు చేరారు, నాకంటే నెమ్మది. గడ్డం పూర్తిగా తెల్లబడింది.

"మేడమ్, మీరు రారనుకుంటి," అన్నారు.

"రాకపోతే మీరు సంతోషించేవారు."

"శానా," అని నవ్వారు. ఆయనకూ మూసేయడం ఇష్టం లేదని అప్పుడే అర్థమైంది.

ముందు కారం దోసె తిన్నాం. దోసె మీద ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి ఇస్తారు. నలభై రూపాయలు. మా ఊళ్ళో పల్చటి అల్లం చట్నీకి అలవాటు పడిన నాలుక ఒక్క ముక్కకే పెడబొబ్బలు పెట్టింది. అయినా రెండోది తెప్పించుకున్నాను. ముక్కు కారుతున్నా తినడం ఆపలేకపోయాను. పాతరోజుల్లో ఇదే వీధిలో, మండలి అంతా బల్ల చుట్టూ కూర్చుని, ఒకరి కళ్ళనీళ్ళు చూసి ఒకరు నవ్వుకునేవాళ్ళం.

ఈ ఊళ్ళో మేం రాసింది నేతగాళ్ళ సహకార సంఘం గురించి. వ్యాసం చదివిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. నేతగాళ్ళ ఐకమత్యం గురించి ఖాదర్ గారు గొప్పగా రాశారు. చదవడం అయ్యాక వెనక నుంచి ఒకాయన లేచి, "అయ్యా, మేం ఇంత మంచోళ్ళం కాదు. కొట్లాడుకుంటాం గూడా. అది రాయకుంటే మేం సరే అనం," అన్నాడు. ఎవరు ఎవరితో ఎందుకు పోట్లాడారో వాళ్ళే వరసగా చెప్పారు. చెబుతూ చెబుతూ అక్కడే ఇంకో పోట్లాట మొదలైంది. సారు పొట్ట పట్టుకుని నవ్వారు. అన్నీ కలిపి తిరగరాస్తే అందరూ సరే అన్నారు. మా అచ్చయిన వ్యాసాల్లో అదే మంచిదని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ సంఘం ఉన్నచోట ఇప్పుడు బంగారు పూత నగల అంగడి ఉంది. లోపల చలి పుట్టించే ఏసీ, అద్దాలు, దీపాలు. వాకిట్లో యూనిఫాం మనిషి నా చేతిలోని కెటిల్ చూసి, "టీ లోపలికి వద్దు మ్మా, ఓనరు తిడ్తాడు," అన్నాడు. ఈసారి నేను కోప్పడలేదు. సంఘం ఎటు పోయిందని అడిగితే ఆయనకు అలాంటిదొకటి ఉండేదనే తెలియదు.

వెనక సందులో మాత్రం ఒక ఇంట్లో మగ్గం చప్పుడు వినబడింది. ఆ చప్పుడు వెంట వెళ్ళి ఒక చీర కొన్నాను. ఆ ఇంటాయన ధర చెప్పగానే మా వైపు అలవాటు కొద్దీ సగానికి అడిగాను.

"నేసినోడు సగమే నేసినాడా మేడం?" అన్నాడు.

చెప్పిన ధర ఇచ్చి తెచ్చుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు కట్టుకున్నది ఆ చీరే.

జమ్మలమడుగు

మర్నాడు పొద్దున్నే ఖాదర్ గారూ నేనూ జమ్మలమడుగు బస్సెక్కాం. పెన్నలో ఇసుక ఎక్కువ, నీళ్ళు తక్కువ. గండికోట చూడడానికి వచ్చిన పిల్లలతో బస్టాండు కళకళలాడుతోంది. మేం వచ్చిన రోజుల్లో గండికోట పేరు చెబితే "ఆడేముండాదని పోతారు?" అనేవాళ్ళు.

ఇక్కడ మేం రాసింది నాపరాళ్ళకు పాలిష్ పట్టే కార్మికుల సంఘం గురించి. అప్పుడు దాని కార్యదర్శి ఓబులేసు. బక్కపలచగా, జుట్టంతా రాతిపొడితో తెల్లగా ఉండేవాడు. ఇప్పుడు ఒళ్ళు చేసింది, జుట్టు నిజంగానే తెల్లబడింది. గండికోటకు ఆటో నడుపుతున్నాడు. మమ్మల్ని చూడగానే బేరం వదిలేసి వచ్చి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించాడు. నానబెట్టిన బొరుగులతో చేసే ఉప్మా లాంటిది ఈ ఉగ్గాని. మా వైపు మరమరాలంటే ఉబుసుపోకకు నమిలేవి. ఇక్కడ అవే కడుపు నింపుతాయి.

"మీ సంఘం ఉందా ఓబులేసూ?" అని అడిగాను.

"ఉండాది మేడం. వాట్సాప్‌లో ఉండాది," అని ఫోను చూపించాడు. పొద్దున్నే పెట్టిన పూల బొమ్మలు, దేవుడి బొమ్మలు, ఎవరో పోయారని ఒక ఫోటో, దాని కింద వరసగా దండాల గుర్తులు.

"అందరూ కలుసుకుంటారా?"

"యాడ? మిషన్లు ఆగిపాయ. ఒకడు కువైట్లో ఉండాడు, ఒకడు సిమెంటు ఫ్యాక్టరీలో ఉండాడు. ఎవురన్నా సచ్చిపోతే కలుస్తాం."

వచ్చిన పని చెప్పాను. చేతిలోని బజ్జీని తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు.

"నేనొక్కణ్ణే సరే అంటే జరుగుతుందా?"

"జరగదు. సంఘం అనాలి."

"అయితే నన్నడగొద్దు మేడం. నాకు నోరు రాదు," అన్నాడు. తర్వాత మమ్మల్ని ఆటోలో పెన్న దాకా తీసుకెళ్ళి, వంతెన మీద దింపి, డబ్బులు ఇవ్వబోతే తిట్టి వెళ్ళిపోయాడు. ఖాదర్ గారూ నేనూ చాలాసేపు ఇసుకను చూస్తూ నిలబడ్డాం. సారు ఇక్కడే, ఈ వంతెన దగ్గరే, సంఘం అంటే కొంతమంది ఒకరి కోసం ఒకరు ఆలస్యంగా ఇంటికి వెళ్ళడం అని చెప్పారు. అప్పుడు నాకది తేలిక మాటలా అనిపించింది. ఆ రోజు వంతెన మీద నిలబడి ఆయన లేరని ఏడుపొచ్చింది. ఖాదర్ గారు రుమాలు ఇచ్చి, "బస్సుకు టైమయితాంది," అన్నారు.

పులివెందుల

ముద్దనూరు దాటాక దారికి రెండు వైపులా చీనీ తోటలు, అరటి తోటలు. మేం బత్తాయి అంటాం, వీళ్ళు చీనీ అంటారు. పక్క సీటులో కూర్చున్న ఆవిడ మా సంచీలో రెండు కాయలు పడేసి, పేరు కూడా చెప్పకుండా మధ్యలో దిగిపోయింది.

ఇక మిగిలింది ఒక్కటే. అది నేను రాసినదే. అందుకే దాని గురించి చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. మండలి ఇక్కడికి వచ్చింది, ఇప్పుడు లేని చీనీ రైతుల సంఘం కోసం. వాళ్ళు మాకు భోజనం పెట్టారు. ఆ భోజనం వండిన పెద్ద రాగి డేగిసాలు ఎవరివి అని సారు నన్ను అడగమన్నారు. అడిగితే, ఫలానావాళ్ళవని ఎవరూ చెప్పలేకపోయారు. అవి సారు వాళ్ళ వీధివి. హిందువులూ, ముస్లిములూ కలిసి ఎప్పుడో కొనుక్కున్నారు. ఆ గిన్నెలకు అధ్యక్షుడు లేడు, గది లేదు, తాళం లేదు. చివరగా ఎవరింట్లో వంట జరిగిందో వాళ్ళింట్లోనే ఉంటాయి. తర్వాత కావలసినవాళ్ళు స్వయంగా వచ్చి అడిగి పట్టుకెళ్ళాలి. ఇచ్చేవాళ్ళు ఖాళీగా ఇవ్వకూడదు, లోపల గుప్పెడు బియ్యం, బెల్లం ముక్క వేసి ఇవ్వాలి. "ఇది గూడా సంస్థే, రాయి," అన్నారు సారు. రాశాను. గిన్నెల మీద పరిశోధన అని మావాళ్ళు నెలల తరబడి ఏడిపించారు. ఒక పెళ్ళి పందిట్లో నిలబడి చదివాను. వడ్డించేవాళ్ళు "పక్కకు జరుగు మేడం" అంటూనే ఉన్నారు. అయ్యాక "బాగుండాది, కూర్చోని తిను" అన్నారు. నాకు దొరికిన సమ్మతి అదే.

సారు ఇల్లు ఇప్పుడు వేరేవాళ్ళది. గేటుకు ఊదారంగు వేశారు. రెండిళ్ళ అవతల, సారుకు పాత పొరుగైన మహబూబ్‌బీ ఇంటి వసారాలో, బోర్లించిన డేగిసాలు కనబడ్డాయి. బతికే ఉన్నాయి.

మహబూబ్‌బీకి ఎనభై దాటి ఉంటాయి. నన్ను గుర్తుపట్టింది. "పెండ్లిలో కాగితాలు సదివిన పాపవు గదా?" అంది. రిటైరయిన నన్ను పాప అనేవాళ్ళు ఈ భూమ్మీద ఇంకా ఉన్నందుకు సంబరపడ్డాను. మనవడి పెళ్ళికి గిన్నెలు వాళ్ళింటికి వచ్చాయట. మేం కూర్చున్న కాసేపటికే వాటిని అడగడానికి సుబ్బారెడ్డి అనే తోట రైతు ఇద్దరు మనుషులతో ఆటో ట్రాలీ వేసుకుని వచ్చాడు. మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారట. సభకు మనుషులు సరిపోయారని ఖాదర్ గారు నా చెవిలో అన్నారు.

మహబూబ్‌బీ కోడలు టీ పెట్టింది. కెటిల్‌లో పోయించి, అందరి గ్లాసుల్లోకీ నేనే వంచాను. ఎన్నేళ్ళయిందో ఆ కెటిల్ వేడెక్కి. తర్వాత నిలబడి, మండలిని మూసేయడానికి మీ సమ్మతి కావాలని చదివాను. చేతులు వణకలేదు.

"ఏం పాపా, మీలో మీకు కొట్లాటయిందా?" అంది మహబూబ్‌బీ.

"లేదమ్మా. మనుషులే లేరు. కొందరు పోయారు, కొందరికి ఓపిక లేదు. కొత్తవాళ్ళు రావడం లేదు."

"మీరొకరుండారని కొత్తోళ్ళకు తెల్సునా?" అన్నాడు సుబ్బారెడ్డి, గ్లాసు కింద పెడుతూ.

నేను ఖాదర్ గారి వైపు చూశాను. ఆయన డేగిసాల వైపు చూస్తున్నారు.

"కరోనా అప్పుడు మా గిన్నెల్ని ఎవురూ అడగలా," అంది మహబూబ్‌బీ. "శానా దినాలు మా వీధి ఓబుళరెడ్డి గొడ్లపాకలో పడి ఉన్యాయి. చిలుమెక్కినాయి. మల్ల ఎవురో అడిగితే తోమి ఇచ్చినారు."

మాట మరల్చడానికి కెటిల్ ఆమె ముందు పెట్టాను. ఇది మా సంఘం ఆస్తి అనీ, మీ గిన్నెలతో పాటు ఉంచుకోమనీ చెప్పాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"సొట్టబోయిండాదే! పనికిరానిది మాకంటగట్టి పోదామని వచ్చినావా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "ఆ సొట్ట మీ వీధిలోనే పడింది. సారు చేతిలోంచి జారిపడింది," అన్నాను, కొంచెం గట్టిగానే.

ఆమె నవ్వడం మానేసింది. "ఆయప్ప చేతిలోనా," అని కొంగుతో ఆ సొట్టను తుడిచింది. చాలాసేపు తుడిచింది. తర్వాత కెటిల్‌ను నా వైపు జరిపింది.

"మేమడగలేదు పాపా. అడగని గిన్నె మేం ఇంట్లో పెట్టుకోం. ఇప్పుడు టీ పోసింది ఎవురు? నువ్వే గదా? ఇంగొకరు వచ్చి అడిగేదాకా నీ ఇంట్లోనే ఉండాల."

"నేనడిగింది దాని గురించి కాదమ్మా. మూసేయడానికి సరే అంటారా, అనరా?"

"అనము," అన్నాడు సుబ్బారెడ్డి. తన ఇద్దరు మనుషుల వైపు చూశాడు. వాళ్ళూ తల అడ్డంగా ఊపారు. ఇందాకే టీ తాగిన మనుషులు, మా మండలి ముఖం ఎన్నడూ ఎరగనివాళ్ళు.

మహబూబ్‌బీ లోపలికి వెళ్ళి బియ్యం, బెల్లం తెచ్చింది. ముందు డేగిసాలో వేసి సుబ్బారెడ్డికి ఇచ్చింది. తర్వాత కెటిల్ మూత తీసి, గుప్పెడు బియ్యం, ఒక బెల్లం ముక్క వేసి, మూత పెట్టి నా చేతికిచ్చింది. అందరి ముందూ ఏడ్చేశాను. మూతపడలేదన్న సంతోషమో, మళ్ళీ నా మెడకే చుట్టుకుందన్న బెంగో చెప్పలేను, రెండూ ఉన్నాయి.

తిరుగుదారి

ఎర్రగుంట్ల దాకా ఖాదర్ గారు సాగనంపారు. "మినిట్సులో ఏమని రాస్తారు మేడమ్?" అన్నారు.

"సభ సమ్మతించలేదని రాస్తాను."

"శానా మంచి మాట," అన్నారు. రైలు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డారు.

రైలు వచ్చే ముందు ఆ పాత బెంచీ మీదే కూర్చున్నాను. ఈసారి కెటిల్‌ను దాచుకోలేదు, అందరికీ కనబడేలా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ రోజు మాత్రం ఎవరూ టీ అడగలేదు.

ఇప్పుడది తెనాలిలో మా వంటింటి అలమారాలో ఉంది. బెల్లానికి చీమలు పట్టాయి. బియ్యం చెరిగి, చీమలు దులిపి, కొత్త బెల్లం ముక్క వేసి మూత పెట్టాను. ఎవరైనా వచ్చి అడిగితే ఖాళీగా ఇవ్వకూడదు కదా. నలుగురు మనుషులు కలిసి ఒక పని ఎలా చేసుకుంటారో చూడాలని, రాసినదాన్ని వాళ్ళ ముందే నిలబడి చదవాలని మీలో ఎవరికైనా అనిపిస్తే, మేమొకరం ఉన్నామని ఇప్పుడు మీకు తెలిసింది. ఇంటికి వచ్చి అడగండి. ముందు టీ మాత్రం మీరే పోయాలి.